హారను కొడితే సైకిలువాడు ఎటు దిగాలి?

ఒక పక్క కాలువ. ఇంకో పక్క చేలు, ఈమధ్య అయితే రొయ్యల చెరువులు. నడుమ రెండు వాహనాలు ఒరుసుకుంటూ తప్పుకునేంత తారురోడ్డు. పశ్చిమ గోదావరి డెల్టాలో భీమవరం నుంచి ఏ దిక్కుకు వెళ్ళినా చాలావరకు ఇదే వరస. ఎదురుగా ఆర్టీసీ బస్సు, వెనక మేత లారీ, ఆ రెంటి మధ్య గడ్డిమోపు కట్టుకున్న సైకిలు. లారీ హారను మోగుతుంది. సైకిలువాడు దిగాలి. ఎటు దిగాలి?

స్టీరింగు ముందు కూర్చున్నవారికి ఈ ప్రశ్న వేసుకునే తీరిక వుండడం లేదు. హారను కొట్టాం గనుక మన బాధ్యత తీరిపోయిందనీ, ఇక తప్పుకోవడం సైకిలువాడి పని అనీ చాలామంది నమ్మకం. లారీలవాళ్ళనే అనుకోవడం అన్యాయం. కార్లవాళ్ళు, ఆటోలవాళ్ళు, నిన్నమొన్నటిదాకా సైకిలు తొక్కి ఈమధ్యే మోటారు సైకిలు కొన్న కుర్రవాళ్ళు, అందరిదీ ఇదే ధోరణి. మోటారు సైకిలు ఎక్కిన మరునాటికే సైకిలు తొక్కిన కాళ్ళ నొప్పి మరచిపోతారు కాబోలు.

సైకిళ్ళ కాలం అయిపోయింది, ఇప్పుడెవరు తొక్కుతున్నారండీ అనే మాట పట్నాల్లో వినిపిస్తూ వుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు డెల్టా రోడ్డు మీదికి వస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. పాలక్యాన్లు తగిలించుకున్నవాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు, కొబ్బరికాయలు గెలలుగా వేలాడదీసుకున్నవాళ్ళు, చెరువుల కాపలా దిగి ఇంటికి వెళ్ళేవాళ్ళు, వరికోతకో నాట్లకో బయలుదేరిన కూలీలు. ఎనిమిది దాటితే బడిపిల్లలు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 45 ఇళ్ళలో సైకిలు వుంది. పెట్రోలు బంకుకు వెళ్ళరు, టోలు కట్టరు, రిజిస్ట్రేషను వుండదు. అందుకే వీళ్ళ సంఖ్య ఎవరి లెక్కలోకీ రాదు. లెక్కలోకి వచ్చేది చనిపోయినప్పుడే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, అందులో సైకిలు తొక్కేవాళ్ళు నూటికి ముగ్గురికి కొంచెం లోపు. నూటికి మూడంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. మనుషుల లెక్కకు తెస్తే నాలుగున్నర వేలకు పైమాటే.

కాలువ గట్టే రోడ్డయింది

మన రోడ్లు ఇంత ఇరుకుగా ఎందుకున్నాయో తెలియాలంటే కాటన్ దొర కాలానికి వెళ్ళాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు చేలకు నీళ్ళు పెట్టడానికే కాదు, పడవలు నడవడానికి కూడా పనికివచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు అందరూ పడవల మీదనే. గట్టు మీద దారి నడిచేవాళ్ళకూ, తాడు భుజాన వేసుకుని పడవను లాగేవాళ్ళకూ. పడవలు పోయి బస్సులు వచ్చాక ఆ గట్టు మీదనే కంకర పడింది, కంకర మీద తారు పడింది. మనుషులు నడిచేందుకు వేసిన గట్టు మీద ఈనాడు పది టన్నుల బళ్ళు పోతున్నాయి. వెడల్పు చేద్దామంటే కాలువలోకి జరగాలి, లేదా చేలోకి జరగాలి.

వెడల్పు పెరగలేదు గాని ఎత్తు పెరిగింది. పాత తారు మీద కొత్త తారు పోసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేస్తుంది, మార్జిను మాత్రం వున్నచోటే వుంటుంది. వానలకు ఆ మట్టీ కొట్టుకుపోతుంది. కొన్నిచోట్ల చెరువుల గట్లు రోడ్డు అంచుదాకా రావడంతో మార్జిను అన్నదే లేకుండా పోయింది. ఫలితంగా తారు అంచు దగ్గర జానెడు మెట్టు. కారు చక్రానికి ఇది లెక్కలోది కాదు. సన్నటి సైకిలు చక్రం ఆ మెట్టు దిగేటప్పుడు జారుతుంది, ఎక్కేటప్పుడు అంచుకు ఒరుసుకుని హేండిలు మెలితిరుగుతుంది. వెనక ముప్ఫై లీటర్ల పాలున్న మనిషి పడితే ఒక్కడే పడడు, పాలూ పోతాయి, ఆ రోజు కూలీ పోతుంది. పడిన వైపు మార్జినైతే అదృష్టం, తారు మీదికైతే వెనక చక్రాలే.

పెద్ద బండి పక్కనుంచి పోయేటప్పుడు ఇంకొక సంగతి వుంది. సైకిలు తొక్కినవాళ్ళందరికీ అనుభవమే గాని కారులో పుట్టి పెరిగినవాళ్ళకు తెలియదు. లారీ ముందుభాగం దాటేటప్పుడు గాలి సైకిలును బయటికి తోస్తుంది. లారీ తోక దాటే వేళకు అదే గాలి లోపలికి లాగుతుంది. ఆ ఒక్క క్షణంలో హేండిలు ఎటు తిరుగుతుందో తొక్కేవాడి చేతిలో వుండదు. తగలలేదు కదా అని డ్రైవరు అనుకుంటాడు. తగలకుండానే పడేసిపోయిన సంగతి అతనికి తెలియనే తెలియదు.

అరనిమిషం లెక్క

డ్రైవర్లు తొందర తొందర అంటారు గదా, ఆ తొందర ఎంతో లెక్క వేద్దాం. బరువున్న సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకోండి. ఎదురు బండి తప్పుకుని, దారి ఖాళీ అయ్యేదాకా 200 మీటర్ల దూరం కారు ఆ సైకిలు వెనకే వెళ్ళిందనుకోండి. 48 సెకన్లు పడుతుంది. అదే దూరం 50 కిలోమీటర్ల వేగంతో పోతే 14 సెకన్లు. నష్టపోయింది 34 సెకన్లు. రైలు గేటు పడితే అందరం పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడతాం. సైకిలు వెనక అరనిమిషం ఆగమంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

అయితే లారీ డ్రైవరుది మాత్రమే తప్పనడానికి వీల్లేదు. రొయ్య పట్టుబడి పట్టిన తర్వాత ఐసు వేసి ఎంత త్వరగా ప్లాంటుకు చేరిస్తే అంత నాణ్యత. ఆలస్యమైతే సరుకు మెత్తబడుతుంది, ధర తెగుతుంది. మాట పడేది డ్రైవరే. పట్టుబడులు చాలావరకు చల్లటి వేళ, రాత్రీ తెల్లవారుజామూ జరుగుతాయి. సరిగ్గా పాలవాళ్ళూ చేపలవాళ్ళూ రోడ్డెక్కే వేళ. ట్రిప్పుకింత అని కూలీ కట్టించుకున్నవాడు నిద్రమత్తులో పరుగెత్తిస్తాడు. నిమిషాలు లెక్కపెట్టే యజమాని రోడ్డు మీద వుండడు, ఎ.సి. గదిలోంచి ఎక్కడిదాకా వచ్చావురా అని ఫోను చేస్తూ వుంటాడు.

చట్టం ఏమంటున్నదో కూడా చెప్పుకోవాలి. 2017లో కేంద్రం ప్రకటించిన డ్రైవింగ్ నిబంధనల్లో పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, ముసలివారు, వికలాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలని వుంది. దాటిపోయేవాడే ముందుదారి చూసుకుని దాటాలి, ముందున్నవాడు ఎగిరి పక్కకు దూకాలని ఎక్కడా లేదు. 2018 నోటిఫికేషను ప్రకారం నాలుగు లేన్ల రహదారులు కాని మామూలు రోడ్ల మీద కారుకు గరిష్ఠ వేగం 70, సరుకు బండికి 60. అది గరిష్ఠం. కాలువ గట్టు మీద కూడా అంత వేగంతో పొమ్మని కాదు. 60 వేగంతో పోయే బండి ఒక్క సెకనులో పదహారు మీటర్లు పైగా పోతుంది. ఇక పాటలు పాడే హారన్లు, గుండెలదిరే ఎయిర్ హారన్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే నిషిద్ధం. వెనకనుంచి అలాంటి హారను చెవిలో పడితే అరవయ్యేళ్ళ మనిషి సైకిలు మీద నిలదొక్కుకోగలడా?

గోదావరి జిల్లాల వాళ్ళం మర్యాదకు పెట్టింది పేరని మనకు మనమే చెప్పుకుంటాం. అణా కాసు అప్పు అడిగినా అండీ, అప్పు ఎగ్గొట్టినా అండీ. ఆ అండీ స్టీరింగు పట్టుకోగానే ఎక్కడికి పోతుందో తెలియదు. ఇంటిదగ్గర బాబాయిగారూ అని పిలిచే మనిషినే రోడ్డు మీద ఒరేయ్ ముసలోడా, చావడానికి నా బండే దొరికిందా అంటున్నారు.

బిళ్ళ పోయింది, లైటూ పోయింది

సైకిలువాళ్ళ వైపు కూడా తప్పులు లేకపోలేదు. పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. ఒకప్పుడు సైకిలుకు పన్ను వుండేది, కట్టినట్టు గుర్తుగా చిన్న బిళ్ళ ఇచ్చేవారు. రాత్రిపూట లైటు లేకుండా వెళితే పోలీసు ఆపేవాడు. డైనమో లేనివాడు కిరసనాయిలు దీపం తగిలించుకునేవాడు. డబుల్స్ ఎక్కించుకుంటే కూత దూరం నుంచే ఈల వినపడేది. ఆ పన్నూ పోయింది, ఆ తనిఖీలూ పోయాయి, మంచిదే. వాటితోపాటు లైటు కూడా పోయింది. అదే ముప్పు తెచ్చింది. చీకట్లో మట్టిరంగు చొక్కాతో లైటు లేని సైకిలు మీద వెళ్ళేవాడిని ఎంత మంచి డ్రైవరైనా దగ్గరికి వచ్చేదాకా చూడలేడు. ఎదురు బండి హెడ్‌లైటు కళ్ళలో పడిందంటే అసలే కనపడడు.

సైకిళ్ళకు వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు తప్పనిసరిగా వుండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కొత్త సైకిళ్ళ సంగతి సరే, ఊళ్ళలో తిరిగేవి ఎక్కువ పాతవే. వాటికి వెనక ఎర్రది, ముందు తెల్లది బిగించడానికి అయ్యే ఖర్చు రెండు టీల ఖరీదుకు అటూ ఇటూ. మోపు కట్టేవాళ్ళు, గెలలు వేలాడదీసేవాళ్ళు ఇంకొక సంగతి గమనించాలి. వెనక మడ్‌గార్డుకు వున్న రిఫ్లెక్టరు మోపు కింద మునిగిపోతుంది. మోపు వెనక్కి మెరిసే పట్టీ కట్టకపోతే అది వుండీ లేనట్టే. వెదుళ్ళు, ఇనుప చువ్వలు అడ్డంగా కట్టుకుని వెళ్ళేవాళ్ళను చూస్తే మాత్రం ఎవరి పక్షం మాట్లాడాలో తెలియడం లేదు.

కుడిపక్కన తొక్కే అలవాటు కొందరిలో వుంది. ఎదురుగా వచ్చే బండి కనపడుతుంది గదా అని వాళ్ళ వాదన. నడిచేవాళ్ళకు ఆ మాట నిజం. కాలిబాట లేనిచోట నడిచేవాళ్ళు కుడిపక్కన, ఎదురుబళ్ళను చూసుకుంటూ నడవడం మేలు. సైకిలు మాత్రం బండి కిందే లెక్క, ఎడమపక్కనే పోవాలి. చెవిలో పాటలు పెట్టుకుని తొక్కే కుర్రవాళ్ళకు వెనక వచ్చేది ఏమిటో తెలిసే వీలే లేదు.

సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు ఇంకొక ప్రమాదం రోడ్డెక్కుతుంది. ధాన్యం. కోత మిషన్లు వచ్చాక ధాన్యం పచ్చిగా చేతికి వస్తోంది. కొనుగోలు కేంద్రంలో తీసుకోవాలంటే తేమ 17 శాతం మించకూడదు. పూర్వం కళ్ళాలుండేవి, ఇప్పుడవి చెరువులో ఇళ్ళస్థలాలో అయిపోయాయి. రైతు ఎక్కడ ఆరబోస్తాడు? రోడ్డు మీద. సగం రోడ్డు ధాన్యం, దాని అంచున కొట్టుకుపోకుండా బండరాళ్ళు, మిగతా సగంలో లారీ, బస్సు, సైకిలు. ధాన్యం ఎత్తేశాక రాళ్ళు అక్కడే వుండిపోతాయి. రాత్రి ఆ రాయి మీదికి ఎక్కేది రైతు కారు కాదు, కూలివాడి సైకిలు. రైతు కష్టం కాదనలేం. రాళ్ళు తీసి పక్కన పెట్టడానికి మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు అక్కర లేదు.

రాజీ కాగితం మీద వేలిముద్ర

అన్నిటికన్నా విచారకరమైనది ప్రమాదం జరిగిన తర్వాత జరిగే తంతు. సైకిలు మీద వెళ్ళే కూలివాడు లారీ కింద పడి పోయాడనుకోండి. శవం ఇంకా ఆసుపత్రిలో వుండగానే పెద్దమనుషులు కూర్చుంటారు. బండి యజమాని తాలూకు మనుషులు వస్తారు. కేసులంటే కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలి, దినవారాలకు ఇంత ఇస్తారు, తీసుకుని సంతకం పెట్టండమ్మా అని నచ్చచెబుతారు. ఏడుస్తున్న ఆడమనిషి వేలిముద్ర తెల్లకాగితం మీద పడుతుంది. కేసు లేదు, ఎఫ్.ఐ.ఆర్. లేదు.

ఆ వేలిముద్రతో పోయేది ఎంతో ఒక్కసారి చూడాలి. నష్టపరిహారం ఎలా లెక్కకట్టాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. చనిపోయినవాని వయసు 38 ఏళ్ళు, నెల సంపాదన పదివేలు, భార్యా పిల్లలూ తల్లీ కలిసి నలుగురు అతని మీద ఆధారపడ్డారనుకుందాం. ఏడాదికి 1,20,000. నలభై లోపువాడు గనుక ముందుముందు పెరిగే సంపాదన కింద నూటికి 40 కలిపితే 1,68,000. అతని సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 1,26,000. ఆ వయసుకు 15తో హెచ్చవేయాలి. వచ్చేది 18,90,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలైనవి దానిమీద అదనం. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే, ఎవరి కేసు వారిదే. అయినా రాజీ కాగితం మీద రాసే అంకెకూ దీనికీ ఎంత దూరమో మీరే చూడండి.

ఇది బండి యజమాని జేబులోంచి పోయే డబ్బు కూడా కాదు. ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. బీమా వుంటే కట్టేది కంపెనీ. మరి రాజీకి అంత తొందర ఎందుకంటే, చాలాసార్లు బీమా గడువు తీరి వుంటుంది, లేదా నడిపినవాడికి లైసెన్సు వుండదు. రాజీకి ఒప్పుకునే ముందు బండి కాగితాలు చూపించమని అడిగే పెద్దమనిషి ఊరికి ఒక్కడుంటే బాగుండును.

కూలివాడికి జీతం కాగితం ఏముంటుంది, సంపాదన ఎలా రుజువు చేస్తారు అని భయపెడతారు. కాగితం లేకపోయినా ట్రిబ్యునలు తగిన సంపాదన అంచనా కట్టి పరిహారం ఇస్తుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు జిల్లా కోర్టుల్లోనే నడుస్తుంది, బాధితులు తాము వుండే ప్రాంతంలోనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఆరు నెలల లోపల వేయాలని 2019 సవరణలో పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టుకు వ్యాజ్యాలు వెళ్ళాయి. ఆ గొడవ ఎలా తేలినా ఆరు నెలల్లో వేయడమే క్షేమం. డ్రైవరు తప్పు రుజువు చేయలేని పరిస్థితి వుంటే 164వ సెక్షను కింద తప్పొప్పులతో పని లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు అది 25 వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. ఈ పథకం వున్నట్టు చాలా గ్రామాల్లో తెలియదు. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గరే పెట్టుకోవాలి, మంజూరు కలెక్టరు చేతిలో వుంటుంది.

వీటన్నిటికీ మొదటి మెట్టు ఎఫ్.ఐ.ఆర్. మా స్టేషను పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు, ఏ స్టేషనులోనైనా రాసుకోవాలి. బండి నంబరు, పడిన చోటు ఫోటో, సైకిలుకు అంటిన రంగు, ఇవి తరవాత పనికివస్తాయి. సైకిలు విరిగిందని పాత ఇనుముకు అమ్మేయకూడదు. సైకిలుకు లైటు లేదనో, కుడిపక్కన వస్తున్నాడనో బీమా కంపెనీ వాదించి నిలబడితే ఆ తప్పు వంతుకు తగ్గట్టు పరిహారంలో కోత పడుతుంది. రెండు టీల ఖరీదు రిఫ్లెక్టరు లేకపోవడం వల్ల లక్షలు కోతపడవచ్చు.

పడినవాడిని ఎత్తడానికి కూడా జనం జంకుతున్నారు, సాక్ష్యానికి తిప్పుతారని. 2019 సవరణతో చట్టంలోనే రక్షణ వచ్చింది. ఆసుపత్రికి చేర్చినవాడు పేరు చెప్పనక్కర లేదు, సాక్షిగా వుండమని బలవంతం చేయకూడదు. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 వుండనే వుంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకంలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా చికిత్స నగదు కట్టకుండానే అందాలి. గుద్దినవాడు ఆగి సాయం చేసి పోలీసులకు చెప్పాలన్నది 134వ సెక్షను. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 2024 జూలై నుంచి శిక్ష అయిదేళ్ళ దాకా పెరిగింది, పాత చట్టంలో రెండేళ్ళే.

గట్టు ఒకరిది, తారు ఒకరిది

2017 ప్రాంతంలో ప్రభుత్వం బడికొస్తా పథకం కింద సర్కారు బడుల్లో చదివే హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. దూరం అని చదువు మాన్పించే ఇళ్ళలో ఆ సైకిళ్ళు చేసిన మేలు తక్కువది కాదు. సైకిలైతే ఇచ్చారు, అది తొక్కే చోటు మాత్రం ఇవ్వలేదు. నలుగురైదుగురు పిల్లలు కబుర్లాడుకుంటూ వరసగా వెళుతుంటే వెనక హారను మోగగానే చెదిరిపోతారు, ఒకరు కాలువ వైపు, ఒకరు రోడ్డు మధ్యకు. ఇరుకుచోట ఒకరి వెనక ఒకరు వెళ్ళమని పంతుళ్ళు ప్రార్థన వేళ రోజూ చెప్పవచ్చు. పిల్లలు రెండు రోజులు వింటారు, మూడోరోజు కబుర్లు మామూలే. పిల్లలు గదా.

రోడ్లన్నీ వెడల్పు చేయమని ఎవరూ అడగడం లేదు. తారు అంచు వెంట ఆ మెట్టు లేకుండా గట్టి గ్రావెలు వేసి రోలరు తిప్పితే, సైకిలు దిగడానికి మూడడుగులు చోటు వస్తుంది. ఎవరిని అడగాలన్నదే చిక్కు. గట్టు ఇరిగేషను శాఖది. తారు ఆర్ అండ్ బీది, లేదా పంచాయతీరాజ్ ఇంజనీర్లది. పక్కన పోరంబోకు రెవెన్యూది. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపిస్తారు. ఈ ముగ్గురూ, పోలీసులూ, రవాణా శాఖవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు ఒకటి వుంది. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. ఏ మలుపు దగ్గర, ఏ వంతెన దగ్గర, ఏ బడి ముందు సైకిళ్ళు పడుతున్నాయో గ్రామ పంచాయతీ తీర్మానం రాసి ఆ కమిటీకి పంపవచ్చు. నోటిమాటగా చెప్పినది ఎక్కడా నిలవదు, తీర్మానానికి నంబరు వుంటుంది.

పని చేయించడానికి అదనూ వుంది. దాళ్వా అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. గట్లకు, తూములకు మరమ్మతులు చేసేది ఆ కొద్ది వారాల్లోనే. మార్జిన్లకు గ్రావెలు తోలవలసిందీ అప్పుడే. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదులుతారు. బడులు తెరిచేదీ ఆ నెలలోనే.